కాలికి రింగులు వేసి రోజూ నట్టు తిప్పమన్నారు. ఇలిజరోవ్ అంటే ఎవరు? ఈ వైద్యాన్ని నమ్మొచ్చా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. నరసన్నపేట దగ్గర హైవే మీద మీ తమ్ముడి బైకుకు ప్రమాదం జరిగింది. మోకాలి కింద పెద్ద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. లోపల రాడ్ వేస్తే చీము పట్టింది. రాడ్ తీసేసి, పాడైపోయిన ఎముకను 5 సెంటీమీటర్ల మేర కోసేసి, కాలి చుట్టూ స్టీలు రింగులు బిగించారు. ఇప్పుడు ఇంట్లో మీరే రోజుకు నాలుగుసార్లు స్పానర్‌తో నట్టు పావు చుట్టు తిప్పాలన్నారు. ఈలోగా ఎవరో వాట్సాప్‌లో "ఇది రష్యాలో సైకిళ్లు బాగుచేసేవాడు కనిపెట్టింది" అని పంపేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది.

ముందు జవాబు చెప్పేస్తాను. నమ్మొచ్చు. దీన్ని కనిపెట్టింది గవ్రీల్ ఇలిజరోవ్ అనే సర్జన్. సైకిల్ మాట ఎక్కడినుంచి వచ్చిందో కింద చెబుతాను, అది పూర్తిగా అబద్ధం కాదు. నేను విజయనగరంలో 26 ఏళ్లుగా ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. చీము పట్టి, ఎముక ముక్క పోయి, "కాలు తీసేయడమే" అనిపించుకుని వచ్చినవాళ్లు ఈ రింగులతో మళ్లీ నడవడం నా కళ్లతో చూశాను. అయితే మీ తమ్ముడి విషయంలో సగం పనే థియేటర్‌లో అయింది. మిగతా సగం మీ ఇంట్లో, మీ చేతిలో ఉన్న ఆ స్పానర్‌తో జరగాలి. ఆ స్పానర్ మీ చేతికి ఎందుకిచ్చారో అర్థం కావాలంటే ఇలిజరోవ్ కథ తెలియాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆయన 1921 జూన్ 15న పోలండ్‌లో పుట్టాడు. తర్వాత వాళ్ల కుటుంబం కాకసస్ కొండల దగ్గర, అజర్‌బైజాన్‌లోని కుసార్ అనే ఊరికి చేరింది. ఆరుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. తండ్రి చిన్నతనంలోనే పోయాడు, ఇంట్లో పేదరికం. బడికి కూడా ఈడు దాటాకే వెళ్లాడు. అయినా పట్టుదలగా చదివి క్రిమియాలో మెడికల్ కాలేజీలో చేరాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. కాలేజీని కజకిస్తాన్‌కు తరలిస్తే అక్కడే చదువు ముగించి 1944లో డాక్టరయ్యాడు. ఆయన్ను పంపింది ఎక్కడికనుకున్నారు? మాస్కోకు తూర్పున దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో, సైబీరియా అంచున ఉండే కుర్గాన్ ప్రాంతానికి. అందులోనూ దొల్గోవ్‌కా అనే పల్లెకు. కాన్పు దగ్గర్నుంచి కడుపునొప్పి దాకా అన్నిటికీ ఆయనొక్కడే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సీతంపేట ఏజెన్సీ వైపు కొన్నాళ్లు పనిచేశాను. వాన పడితే కొండ దిగి రావడానికి దారుండేది కాదు. అలాంటి చోట డాక్టరుకు ఉండే బెంగ ఏమిటో నాకు తెలుసు. మన చేతికి వచ్చిన మనిషిని పెద్దాస్పత్రికి పంపేద్దాం అనుకోవడానికి ఉండదు, ఉన్నదానితోనే ఏదో ఒకటి చేయాలి. ఇలిజరోవ్ ముందుకు వచ్చింది యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన మనుషులు. విరిగిన ఎముక నెలల తరబడి అతుక్కోక, చీము కారుతూ, పిండికట్టు వేసుకుని మంచానికే పరిమితమైనవాళ్లు. మంచం మీద పడుకోబెట్టడమే వాళ్లను పాడుచేస్తోందని ఆయనకు అనిపించింది. కాలు కదలకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, కండ కరిగిపోతుంది, ఎముక గుల్లబారుతుంది. విరిగినచోట ఎముక కదలకూడదు, మనిషి మాత్రం లేచి నడవాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరే ఉపాయం కోసం వెతికాడు.

ఇక్కడే సైకిల్ వస్తుంది. 1951 నాటికి ఆయన ఒక పరికరం తయారుచేశాడు. అందుబాటులో ఉన్న సైకిల్ భాగాలతో, ఎముకకు బదులు చీపురుకర్రను పెట్టి మొదట్లో ప్రయోగాలు చేశాడని చెబుతారు. అది నిజమైనా కాకపోయినా, దాని సూత్రం మాత్రం సైకిల్ చక్రానిదే. స్పోకు ఒక్కటి తీసి చేత్తో వంచండి, ఇట్టే వంగిపోతుంది. అవే స్పోకులు చక్రంలో బిగించి ఉంటే వెనక బియ్యం బస్తా వేసుకుని మనిషి తొక్కినా ఆగుతాయి. మన నులక మంచం కూడా అంతే కదా. వదులైతే మనిషి కిందికి దిగిపోతాడు, లాగి బిగిస్తే ఆ సన్నని తాడే ఇద్దరిని మోస్తుంది. మీ తమ్ముడి కాలిలో ఎముక గుండా అటునుంచి ఇటు పోయిన తీగలు చూశారుగా, వాటి మందం 1.8 మిల్లీమీటర్లు మించదు. వాటిని 100 కిలోలకు పైగా బలంతో లాగి రింగుకు బిగిస్తాం. అందుకే అతను కాలు నేల మీద మోపితే బరువు రింగుల గుండా దిగుతుంది, విరిగినచోట పక్కలకు కదలదు. బరువు మోపినప్పుడు తీగలు పిసరంత సాగి, ఎముక నిలువునా కొద్దిగా ఒత్తుకుంటుంది. ఆ చిన్న ఒత్తిడి ఎముకకు మంచిదే.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదట్లో ఆయన ఈ పరికరాన్ని ఎముక ముక్కల్ని దగ్గరికి నొక్కడానికే వాడేవాడు. ఒకసారి ఒక రోగి నట్లను ఎదురు దిక్కుకు తిప్పేశాడని చెబుతారు. దగ్గరికి రావాల్సిన ముక్కలు మెల్లగా దూరమయ్యాయి. ఎక్స్‌రే తీసి చూస్తే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతోంది! ఇంకొకరైతే రోగిని కసిరి, నట్లు సరిచేసి, అక్కడితో వదిలేసేవారేమో. ఈయన ఆ ఎక్స్‌రేను పట్టుకుని కూర్చున్నాడు. ఎముకను నెమ్మదిగా, ఆగకుండా లాగితే అది పెరుగుతుందా అని అడిగాడు. జవాబు కోసం ఏళ్ల తరబడి కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. నా మటుకు ఆయన గొప్పతనం రింగుల్లో కన్నా ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. అప్పటిదాకా ఎముక పోతే ఇంకోచోట నుంచి తెచ్చి పెట్టాలనే డాక్టర్లు అనుకునేవారు. మనిషి ఒంట్లోనే, అదే కాలిలో, అదే ఎముకను పెంచవచ్చని చూపించినవాడు ఆయన.

రోజుకు 1 మిల్లీమీటరే ఎందుకు అన్నది మీరు అడగలేదు గానీ, ఇంట్లో నట్టు తిప్పేవాళ్లకు తప్పకుండా తెలియాలి. ఆయన రోజుకు అర మిల్లీమీటరు, 1, 2 మిల్లీమీటర్ల చొప్పున లాగి చూశాడు. అర మిల్లీమీటరు అయితే ఎముక పూర్తిగా సాగకముందే గట్టిపడిపోవచ్చు. 2 అయితే ఎముక సరిగా పట్టదు, నరాలూ రక్తనాళాలూ ఆ వేగం తట్టుకోలేవు. 1 మిల్లీమీటరు సరిగ్గా సరిపోయింది. ఆ ఒక్క మిల్లీమీటరును కూడా ఒకేసారి కాకుండా ఎన్ని సార్లుగా విడగొడితే అంత మంచి ఎముక పుట్టింది. మీకిచ్చిన నాలుగు పావు చుట్ల లెక్క అక్కడిదే. రింగులను కలిపే మరల రాడ్ మీద నట్టు ఒక చుట్టుకు 1 మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. పావు చుట్టుకు పావు మిల్లీమీటరు. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పడుకునే ముందు. దయచేసి నాలుగూ కలిపి రాత్రి ఒకేసారి తిప్పొద్దు. మధ్యాహ్నానిది మరిచిపోతే సాయంత్రం రెండు తిప్పాలా అన్నది మీ సర్జన్‌ను ఫోన్‌లో అడిగి చేయండి, సొంతంగా సర్దొద్దు. నేనైతే మొదటిరోజే నట్టుకు ఒక పలక మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టి, తిప్పాల్సిన దిక్కుకు రింగు మీద బాణం గుర్తు గీసి పంపుతాను. చదువు రాని తల్లులు కూడా ఆ చుక్క చూసి ఒక్క తప్పు లేకుండా తిప్పారు.

మీ తమ్ముడి లెక్క ఇది. పాడైన ముక్క తీసేసినచోట 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంది. దానికి దూరంగా, ఎముక బాగున్నచోట సర్జన్ జాగ్రత్తగా కోత పెట్టి ఉంటారు. కొన్ని రోజులు ఆగాక ఆ మధ్య ముక్కను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున ఖాళీవైపు జరుపుతారు. ముందు ఖాళీ పూడుతూ వస్తుంది, ముక్క వెనక కొత్త ఎముక పుడుతూ వస్తుంది. 50 మిల్లీమీటర్లంటే 50 రోజులు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 50 రోజులయ్యాక రింగులు తీసేస్తారనుకుంటారు. కాదమ్మా. అప్పటికి పుట్టింది మెత్తని ఎముక. అది గట్టిపడటానికి జరిపినన్ని రోజులకు రెండు మూడు రెట్లు పడుతుంది. ముక్క వెళ్లి తగిలినచోట అతుక్కోవడానికి కొందరికి ఇంకో చిన్న ఆపరేషన్ కూడా కావాల్సి వస్తుంది. మొత్తం మీద ఎనిమిది నుంచి పది నెలలు రింగులు ఉంటాయనుకుని ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. రెండు నెలల్లో అయిపోతుందని చెప్పి తర్వాత నెలనెలా పొడిగించుకుంటూ పోతే రోగి ధైర్యం చెడుతుంది. నేను మొదటిరోజే పెద్ద లెక్క చెప్పేస్తాను.

ఇంత పని చేసిన ఇలిజరోవ్‌ను మాస్కోలోని పెద్దలు చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఎక్కడో మారుమూల ఊళ్లో నట్లూ బోల్టులూ పెట్టుకుని వైద్యం చేస్తానంటున్నాడని ఫిట్టర్ కింద జమకట్టినవాళ్లున్నారు. ఆయన పేరు దేశమంతా వినపడింది వలేరి బ్రుమెల్ వల్ల. బ్రుమెల్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచినవాడు. మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్లయినా నయం కాక చివరికి 1968లో కుర్గాన్ వెళ్లాడు. ఇలిజరోవ్ రింగులు వేశాడు. ఆ మనిషి మళ్లీ మైదానంలోకి దిగి 2 మీటర్లకు పైగా దూకాడు. అదే ఏడాది ఇలిజరోవ్ తన పరిశోధన సమర్పిస్తే, కింది డిగ్రీ కోసం పెట్టినదానికి ఏకంగా పై డిగ్రీ ఇచ్చారు. ఆ తర్వాత కుర్గాన్‌లో పెద్ద సంస్థే వెలసింది.

పశ్చిమ దేశాలకు ఇది చేరింది ఇంకా ఆలస్యంగా. కార్లో మౌరి అనే ఇటలీ పర్వతారోహకుడికి ఏళ్ల నాటి విరుగు సరిగా అతకక కాలు కుంటుబడింది. సముద్ర యాత్రలో పరిచయమైన ఒక రష్యన్ డాక్టరు చెప్పగా 1980లో కుర్గాన్ వెళ్లి బాగయి వచ్చాడు. అతని కాలు చూసి నోరెళ్లబెట్టిన ఇటలీ సర్జన్లు మరుసటి ఏడాది ఇలిజరోవ్‌ను పిలిపించి మాట్లాడించారు. అప్పటికి ఆ పరికరం పుట్టి 30 ఏళ్లు. ఆయన 1992 జూలై 24న కన్నుమూశాడు, చివరిదాకా కుర్గాన్‌లోనే ఉన్నాడు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, అటువైపు ఉద్దానం పల్లెలో నా దగ్గర రింగులు వేయించుకున్న కుర్రాడొకడున్నాడు. చెన్నైలో బిల్డింగు పనిలో పడిపోయి కాలు విరిగినవాడు. నట్టు తిప్పడం మొదలుపెట్టి మూడో వారం. కొబ్బరిచెట్లు, జీడితోటలు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. డ్రెస్సింగ్‌కు రావాల్సిన రోజు రాలేదు. కాలు చీము పట్టేసి ఉంటుందని నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది రోజుల తర్వాత వాళ్లమ్మ, ఇంకో ఇద్దరు కలిసి తీసుకొచ్చారు. కట్టు విప్పితే తీగల చుట్టూ చర్మం పొడిగా, శుభ్రంగా ఉంది. "ఏటి చేసినావమ్మా?" అని అడిగితే, కట్టెల పొయ్యి మీద ఉప్పునీళ్లు మరగబెట్టి చల్లార్చి, ఉతికి ఉడకబెట్టిన నూలుగుడ్డ ముక్కతో ఒక్కో తీగా తుడిచానంది. నట్టు సంగతి అడిగాను. కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. బొగ్గుతో గీసిన నిలువు గీతలు, రోజుకు నాలుగు. ఒక్కటీ తప్పలేదు. స్కేలు పెట్టి కొలిస్తే రింగుల మధ్య దూరం లెక్కకు సరిపోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఆ చీటీని ఆవిడ నాకిచ్చేసింది, ఇప్పటికీ నా దగ్గరుంది.

అన్నీ ఇలాగే జరిగాయని చెప్పను. తొలినాళ్లలో చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు కాలు విషయంలో నేను పొరపాటు చేశాను. ఎముక మీదే నా ధ్యాసంతా. నెలనెలా ఎక్స్‌రే చూసి మురిసిపోయాను. ఈలోగా అతని పాదం మెల్లగా కిందికి వాలి, మడమ నేలకు ఆనకుండా బిగుసుకుపోయింది. ఎముక పొడుగవుతుంటే దాని వెంట కండలూ సాగాలి కదా, అవి ఎముకంత సులువుగా సాగవు. వాటికి రోజూ వ్యాయామం కావాలి. ఎముక చక్కగా అతికినా, మడమ వెనక స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) పొడిగించడానికి అతను ఇంకో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. వరి నాట్లకు పోలేకపోయిన ఆ సంవత్సరం అతనికి నా వల్ల పోయింది. అప్పటినుంచి రింగులు వేసిన ప్రతి మనిషికీ మొదటిరోజే పాదం కింద పలక పెట్టి, రబ్బరు పట్టీతో పైకి లాగి ఉంచుతాను. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడకుండా ఇంటికి పంపను.

కాబట్టి మీరు చూసుకోవాల్సినవి ఇవి.

పాదం. మీ తమ్ముడు పడుకున్నప్పుడు పాదం కిందికి వేలాడుతోందా చూడండి. రోజుకు కనీసం నాలుగైదుసార్లు వేళ్లను, పాదాన్ని తనవైపు లాక్కోవాలి. మోకాలు పూర్తిగా చాచి పడుకోవాలి. మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది గానీ, మోకాలు అలాగే వంకరగా బిగుసుకుపోతుంది.

నడక. సర్జన్ అనుమతిస్తే వాకర్‌తో బరువు మోపి నడవాలి. "రింగులున్న కాలు కదా, పడుకోనివ్వండి" అనే చుట్టాల మాట వినొద్దు. పడుకోబెట్టకూడదనే ఇలిజరోవ్ ఇదంతా చేశాడు.

తీగల చుట్టూ శుభ్రం. డాక్టరు చెప్పిన ద్రవంతోనే తుడవండి. పసుపు, ఆకుపసరు, కొబ్బరినూనె ఏదీ వద్దు. అక్కడక్కడా కొద్దిగా ఎర్రబడటం, నీరు కారడం చాలామందికి వస్తుంది, దాదాపు ఎప్పుడూ మందులతో తగ్గిపోతుంది. చీము, జ్వరం, తీగ వదులై కదలడం, పాదం తిమ్మిరెక్కడం, వేళ్లు పైకి ఎత్తలేకపోవడం కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి. తిమ్మిరి వస్తే తర్వాతి చుట్టు తిప్పేముందే ఫోన్ చేయండి. నరం లాగుతుంటే వేగం తగ్గించాల్సి ఉంటుంది.

పొగ. బీడీ, సిగరెట్టు, చుట్ట, ఏదైనా సరే ఆపాల్సిందే. కొత్త ఎముకకు రక్తం అందకుండా చేసేవాటిలో ఇది ముందుంటుంది. ఎక్స్‌రేలో నాలుగైదు వారాలకు సన్నని మబ్బుతెరలాగా కొత్త ఎముక కనపడాలి. పొగ మానని ఇద్దరు ముగ్గురిలో ఆ తెర నెలలు గడిచినా రాలేదు.

నొప్పి మాత్రలు. మందుల షాపులో అడిగి కొనొద్దు. కొన్ని రకాలు ఎముక పట్టడాన్ని నెమ్మదింపజేస్తాయని మేం జాగ్రత్తపడతాం. పైగా మీది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు వేరే చెప్పాలా? నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కిడ్నీకి ముప్పు. ఏ మాత్ర, రోజుకెన్ని అన్నది మీ డాక్టరే రాయాలి. షుగర్ ఉందో లేదో కూడా పరీక్ష చేయించండి.

మనసు సంగతి ఒకటుంది. మూడో నెలకల్లా మీ తమ్ముడికి చిరాకు వస్తుంది, "తీసేయించండి, కట్టువైద్యం చేయించుకుంటాను" అంటాడు. చాలామంది అంటారు. అప్పుడు అతని చేతికి ఎక్స్‌రేలు ఇచ్చి వరుసగా చూపించండి. మొదటి నెలది, రెండో నెలది, మూడో నెలది. తన ఎముక పెరగడం తన కళ్లతో చూసినవాడు మళ్లీ ఆ మాట అనడం నేను పెద్దగా చూడలేదు. వీలైతే రెండు చుట్లు అతని చేతే తిప్పించండి, కాలు అతనిదే కదా.

మీ తమ్ముడికి నట్టు తిప్పడం మొదలుపెట్టిన తేదీ, ఆ రోజు రింగుల మధ్య దూరం ఎంత ఉందో కాగితంలో ఉంటే అది, ఇవాళ స్కేలుతో కొలిస్తే ఎంత ఉందో ఇక్కడ రాయండి. అతని పేరు, ఎక్స్‌రే మీద నంబరు ఏవీ పెట్టొద్దు, ఆ మూడు అంకెలు చాలు. రోజుకు 1 మిల్లీమీటరు లెక్క సరిపోతోందో లేదో చూసి చెబుతాను. తేడా ఉంటే రేపు పొద్దున్నే మీ సర్జన్ దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది.